లీఫ్ ఆల్కహాల్: మల్లె, మొగలి అత్తర్లలో ఎంత వేయాలి, పావుగంటలో ఎందుకు ఎగిరిపోతుంది?

పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇంట్లోనే మల్లె, మొగలి రోల్‌ఆన్ అత్తర్లు చేసి అమ్ముతున్నారు. వాసన బరువుగా ఉందని, పాత ట్రంకుపెట్టె తెరిచినట్టుందని కొన్నవాళ్లు అంటున్నారట. ఎవరో చెబితే సిస్-3-హెక్సెనాల్, అదే లీఫ్ ఆల్కహాల్, తెప్పించి 5 శాతం కలిపారు. ఇప్పుడు మూత తీయగానే కోసిన గడ్డి వాసన తప్ప మల్లె తెలియడం లేదు. చేతికి రాసుకున్న పావుగంటకి ఆ పచ్చిదనం పోయి మళ్లీ పాత బరువే మిగులుతోంది. సరుకు నకిలీదా, లేక ఇంకా ఎక్కువ వేయాలా అని అడుగుతున్నారు.

సరుకు నకిలీది కాకపోవచ్చండి. మీరు చెప్పిన రెండూ అసలు లీఫ్ ఆల్కహాల్ లక్షణాలే. డోసు పెంచడం కాదు, పదో వంతుకి, అవసరమైతే ఇంకా కిందికి దించండి. మల్లెలో అయితే కాంపౌండ్ (నూనె కలపకముందు ఉండే సుగంధ మిశ్రమం) బరువు మీద 0.1 నుంచి 0.3 శాతం, మొగలిలో 0.2 నుంచి 0.5 శాతం. నేను వాడేది ఇంతే. పచ్చిదనం గంటల తరబడి నిలవాలంటే అది దీనివల్ల అయ్యే పని కాదు. దానికి ఇదే కుటుంబంలోని సిస్-3-హెక్సెనైల్ సాలిసిలేట్ వేయాలి. ఇంతవరకు చాలనుకుంటే ఇక్కడితో ఆపేయొచ్చు, మిగతాదంతా ఎందుకు, ఎలా అన్న వివరం.

నేను బరంపురంలో అగరబత్తులకి, అత్తరు దుకాణాలకి కాంపౌండ్లు కలిపి ఇచ్చే పనిలో ఉన్నాను. మొగలి బట్టీల వాళ్లతో రాకపోకలున్నాయి. కాబట్టి మొగలి గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ గడ్డి వాసన సంగతి. వినాయక చవితి నాడు పత్రి బుట్ట ముందు కూర్చుని గరిక తుంచుతుంటే వేళ్లకి అంటుకునే వాసన చూడండి, దాదాపు అదే ఇది. ఆకు తెగగానే దాని కణాల్లోని లినోలెనిక్ ఆమ్లం మీద ఎంజైములు పనిచేసి, ముందు సిస్-3-హెక్సెనాల్ అనే ఆల్డిహైడ్... ఇక్కడ పేర్లు తికమక పెడతాయి, తెలుగులో రాస్తే ఆల్డిహైడూ ఆల్కహాలూ ఒకేలా కనిపిస్తాయి. ఆల్డిహైడ్ ముందు పుడుతుంది, అందులో కొంత ఆల్కహాల్‌గా మారుతుంది. ఆల్డిహైడ్ ఘాటుగా ఉంటుంది, నిలకడ లేనిది. ఆల్కహాల్ కాస్త నెమ్మది, సీసాలో పాడవకుండా ఉంటుంది. అందుకే మనకి అమ్మేది ఆల్కహాల్. మనకి దొరికేది సాధారణంగా ఆకుల నుంచి తీసింది కాదు, ఫ్యాక్టరీలో తయారుచేసింది. 3-హెక్సైనాల్ అనే పదార్థాన్ని లిండ్లార్ ఉత్ప్రేరకంతో జాగ్రత్తగా హైడ్రోజనీకరణ చేస్తే సిస్ రూపం వస్తుంది (సిస్, ట్రాన్స్ అంటే ఒకే పదార్థం అణువుకి ఉండే రెండు ఆకారాలు). ఆకులో ఉండే అణువూ ఇదీ ఒక్కటే కాబట్టి సింథటిక్ అన్న మాటకి భయపడక్కర్లేదు.

ఇక ఎగిరిపోవడం. దీని అణుభారం సుమారు 100, మరిగేది 156, 157 డిగ్రీల దగ్గర. మల్లె కాంపౌండ్లలో ఎక్కువగా పడే బెంజైల్ ఎసిటేట్ అణుభారం 150, అది 213 డిగ్రీల దాకా మరగదు. గంధం నూనెలోని సాంటలాల్ అణుభారం 220, మరిగే ఉష్ణోగ్రత 300 దాటుతుంది. ఒకే చేతి మీద ఈ మూడూ ఉంటే ఏది ముందు లేచిపోతుందో చెప్పక్కర్లేదు. అందులోనూ మన వైపు మే నెల ఎండలో ఒంటి వేడికి పావుగంట నిలిచిందంటే అదే గొప్ప.

డోసు రెట్టింపు చేస్తే రెట్టింపు సేపు ఉంటుందనుకుంటారు చాలామంది. అలా జరగదు. మొదటి నిమిషాల్లో వాసన విపరీతంగా పెరుగుతుంది, నిలిచే సమయం మాత్రం కొద్దిగానే పెరుగుతుంది. పైగా ఆ మొదటి ఘాటుకి ముక్కు మొద్దుబారి, వెనకున్న మల్లె కాసేపటిదాకా అందదు. మీరు చూసింది అదే. తాలింపులో ఇంగువలాంటిది ఇది. పడిందని తెలియకూడదు, పడకపోతే తెలియాలి.

కానీ మీ అసలు సమస్య పచ్చిదనం లేకపోవడం కాదేమో. "పాత ట్రంకుపెట్టె" అన్న మాట దగ్గర నాకు అనుమానం వచ్చింది. రోల్‌ఆన్‌లో బేస్‌గా ఏం వాడుతున్నారో మీరు రాయలేదు. బాదం నూనె, నువ్వుల నూనె లాంటివి వాడి ఉంటే, అవి కొన్ని నెలలకి పాతబడి చెడువాసన వేస్తాయి. ఆ చెడువాసన మీద ఎంత పచ్చిదనం చల్లినా లాభం లేదు, రెండూ కలిసి ఇంకా వెగటుగా తయారవుతాయి. ఉత్త బేస్ నూనెని ఒక స్ట్రిప్ (వాసన చూసే కాగితపు ముక్క) మీద వేసి ముందు వాసన చూడండి. దానికి ఏ వాసనా ఉండకూడదు. ఉంటే ఆ డబ్బా పక్కన పెట్టి ఐసోప్రోపైల్ మిరిస్టేట్, అంటే ఐపీఎం, కొనండి. రంగు, వాసన ఉండవు, త్వరగా పాడవదు, చర్మం మీద జిడ్డు కూడా తక్కువ. చవకరకం గంధం మిశ్రమాలూ, పౌడరు వాసన మస్కులూ (కస్తూరి రకం వాసన పదార్థాలు) ఎక్కువైనా ఇదే ఫిర్యాదు వస్తుంది. వాటిని ముందు సగానికి తగ్గించి చూడండి. ఒక్కోసారి అసలు లీఫ్ ఆల్కహాల్ అవసరమే పడదు.

బేస్ బాగుందని తేలాక కొలత. లీఫ్ ఆల్కహాల్‌ని ఎప్పుడూ నేరుగా సీసా నుంచి వేయకండి. 1 గ్రాము తీసుకుని 9 గ్రాముల ద్రావకంలో కలిపి 10 శాతం ద్రావణం చేసి పెట్టుకోండి. ద్రావకం దగ్గర ఒక చిక్కుంది. దీనికి చాలామంది డీపీజీ (డైప్రొపైలిన్ గ్లైకాల్) వాడమని చెబుతారు. స్పిరిట్‌తో చేసే పెర్ఫ్యూములకి అది బాగానే ఉంటుంది కానీ నూనె బేస్‌లో డీపీజీ కలవదు, రోల్‌ఆన్ మసకబారి అడుగున చుక్కలు దిగుతాయి. మీది నూనె అత్తరు కాబట్టి ద్రావణం కూడా ఐపీఎంలోనే చేయండి.

చుక్కలు లెక్కపెట్టొద్దు. డ్రాపర్ మారితే చుక్క మారుతుంది. 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ త్రాసు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఈ పనిలో మొదట కొనాల్సింది అదే. మీ మల్లె కాంపౌండ్ 10 గ్రాముల చొప్పున నాలుగు సీసాల్లో పోయండి. ఒకదాన్ని అలాగే వదిలేయండి. మిగతా మూడింట్లో 10 శాతం ద్రావణం 0.1, 0.2, 0.4 గ్రాముల చొప్పున వేయండి. అంటే అసలు పదార్థం సుమారు 0.1, 0.2, 0.4 శాతం పడినట్టు. ఇది కాంపౌండ్ మీద శాతం, నూనె కలిపాక తయారయ్యే మొత్తం సీసా మీద కాదు. మీ 5 శాతం దేని మీద వేశారో చెప్పలేదు, కాంపౌండ్ మీద అయితే మల్లెలో నేను వేసేదానికి సుమారు పదిహేడు నుంచి యాభై రెట్లు.

ఆ సీసాల్ని రెండు రోజులు వదిలేసి, పొద్దున్నే, టీ తాగకముందు, కిటికీ దగ్గర కూర్చుని నాలుగు స్ట్రిప్‌లూ చూడండి. ఏదీ కలపని స్ట్రిప్ పక్కన పెట్టుకుని చూసినప్పుడే తేడా అర్థమవుతుంది. "పచ్చిగా ఉంది" అనిపించిన సీసాలో డోసు ఎక్కువైనట్టు. "ఈ మల్లె ఇందాకే కోసినట్టుంది" అనిపించినది మీకు కావలసింది.

మల్లెలో. నిజం మల్లెలోనే ఈ కుటుంబం ఉంది. మన మల్లె అబ్సల్యూట్‌లో (పూల నుంచి ద్రావకంతో తీసిన చిక్కటి సారం) లినలూల్, బెంజైల్ ఎసిటేట్, ఇండోల్, మిథైల్ ఆంత్రనిలేట్‌తో పాటు సిస్-3-హెక్సెనాల్, దాని బెంజోయేట్ కూడా కనిపిస్తాయి. కాబట్టి మనం బయటి వాసన తెచ్చి అతికించడం లేదు, చవక కాంపౌండ్‌లో వదిలేసినదాన్ని తిరిగి పెడుతున్నాం. నిలకడ కోసం సిస్-3-హెక్సెనైల్ సాలిసిలేట్ 1 నుంచి 3 శాతం దాకా వేయొచ్చు. సీసాలో చూస్తే దానికి వాసనే లేదనిపిస్తుంది, అనుభవం లేనివాళ్లు ఇక్కడే మోసపోతారు. చర్మం మీద అది మెల్లగా, మెత్తగా, పువ్వూ ఆకూ కలిసినట్టు వస్తుంది. అణుభారం 220, సాంటలాల్‌తో సమానం, అందుకే చివరిదాకా ఉంటుంది. లీఫ్ ఆల్కహాల్ మూత తీసినప్పటి సంబరం, సాలిసిలేట్ సాయంత్రం దాకా ఉండే తోడు. నేను ఒకటి వేస్తే రెండోది వేయకుండా ఉండను.

ఈ రెండింటి మధ్య సిస్-3-హెక్సెనైల్ ఎసిటేట్ అని ఇంకొకటి అమ్ముతారు. అది పచ్చి అరటికాయ, పచ్చి పండు వైపు వెళ్తుంది. మల్లెకి నాకు నచ్చదు. పళ్ల వాసన పెర్ఫ్యూములకి పనికొస్తుంది.

మొగలి కథ వేరు. మీకు తెలియనిది కాదు, గంజాం తీరం పొడుగునా, రంగైలుండా, ఛత్రపురం, చికిటి వైపు, మొగలి పొదలు కంచెల్లా ఉంటాయి. గంజాం కేవ్డా రూహ్‌కి (కేవ్డా అంటే మొగలి, రూహ్ అంటే బట్టీ పట్టిన స్వచ్ఛమైన నూనె) భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వానాకాలంలో తెల్లవారకముందే మగపూలు కోసి, వాసన పోకుండా అదే పూట రాగి దేగ్‌లలో (బట్టీ పాత్రల్లో) పెట్టి నీళ్లతో బట్టీ పడతారు. చాలా సరుకు ఉత్తరప్రదేశ్‌లోని అత్తర్ల ఊరు కన్నౌజ్ వ్యాపారుల చేతికీ, పాన్ మసాలా, జర్దా వాళ్లకీ పోతుంది.

మొగలి నూనెలో దాదాపు మూడింట రెండొంతులో, ఇంకా ఎక్కువో ఒకే పదార్థం: ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్. తర్వాత టెర్పినెన్-4-ఆల్. ఒకే పదార్థం అంత ఉండడం నకిలీ చేసేవాళ్లకి వరంగా మారింది. సింథటిక్ ఈథర్‌ని, కాస్త గులాబీ వాసన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌ని, డీఈపీ (డైఇథైల్ థాలేట్) అనే ద్రావకంలో కలిపి "కేవ్డా" అని లేబుల్ వేస్తే బజార్లో నడిచిపోతుంది. వాసన తప్పు కాదు, కానీ ఘాటుగా, పలుచగా, ఒకే గీతలా పోతుంది. నిజం మొగలి పువ్వు చేతిలోకి తీసుకుని ముళ్లు గుచ్చుకోకుండా పైరేకులు విప్పండి. ముందు తడి ఆకు వాసన వస్తుంది, ఆ తర్వాతే తేనెలాంటి తీపి, చివర్న ఆ ఘాటు. లోపలి లేతపసుపు రేకు విరిస్తే ఆకుదనం ఇంకా తెలుస్తుంది. చవక కాంపౌండ్‌లో లేనిది ఆ మొదటి అడుగు. లీఫ్ ఆల్కహాల్ సరిగ్గా అక్కడ సరిపోతుంది. మల్లె కంటే మొగలి దీన్ని ఎక్కువ మోయగలదు, ఈథర్ ఘాటు దాన్ని అదుపులో పెడుతుంది.

ఇచ్ఛాపురం అత్తరు దుకాణదారు ఒకాయన తన మొగలి కాంపౌండ్ తెచ్చి, "వాసన ఉంది కానీ పువ్వు లేదు, ఏదైనా చెయ్" అన్నారు. ఈథర్‌ని అయిదో వంతు తగ్గించి, లీఫ్ ఆల్కహాల్ 0.3, సాలిసిలేట్ 1.5 శాతం వేసి, తేనె వాసన కోసం ఫినైల్ అసిటిక్ ఆమ్లం పిసరంత తగిలించాను. ఆయనకి బాగా నచ్చింది. ఆయన పాత ఖాతాదారులకి మాత్రం నచ్చలేదు, ఆ పాత ఘాటే కావాలన్నారు. ఇప్పుడు రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి అమ్ముతున్నారు. మీరూ పాత రకం ఒక్కసారిగా ఆపేయకండి.

బట్టీ నుంచి వచ్చిన అసలు రూహ్ కేవ్డా చేతిలో ఉంటే అందులో ఏదీ వేయొద్దు. దాని ధరకి దాని వాసన చాలు. అలాంటిదాన్ని "ఫ్రెష్" చేస్తానని బయలుదేరడం నాకు దండగ పనిగా కనిపిస్తుంది.

లీఫ్ ఆల్కహాల్ బదులు వేరే ఆకుపచ్చ వాసనలు వాడొచ్చా అని తర్వాతి ప్రశ్న వస్తుంది కాబట్టి రెండు మాటలు. ట్రిప్లాల్ బాగా శక్తివంతమైనది, తొక్కిన ఆకు వాసన, లీఫ్ ఆల్కహాల్ కంటే ఎక్కువసేపు ఉంటుంది. 0.05 నుంచి 0.2 శాతం చాలు. కానీ అది ఆల్డిహైడ్. మీ మల్లెలో మిథైల్ ఆంత్రనిలేట్ ఉంటే రెండూ కలిసి షిఫ్ బేస్ అనేదిగా మారతాయి, సీసా పసుపు రంగు తిరిగి నారింజ వైపు పోతుంది, వాసన కూడా మారుతుంది. తెల్ల చొక్కా మీద మరక పడితే కొన్నాయన మీ ఇంటికే వస్తాడు. లీఫ్ ఆల్కహాల్‌తో ఆ బెడద లేదు. గాల్బనమ్ అనే జిగురు నూనె ఎక్కువగా ఇరాన్ నుంచి వస్తుంది, పచ్చిమిరపకాయ విరిచినంత పదునైన పచ్చిదనం. 1947లో జెర్మెయిన్ సెలియే బాల్మాన్ సంస్థకి చేసిన 'వాన్ వేర్' అనే పెర్ఫ్యూమ్ పేరు తెచ్చుకుంది దీన్ని ధారాళంగా వాడినందుకే. గొప్ప వస్తువే, కానీ మల్లెలో ఒక వెంట్రుక ఎక్కువైనా పూలకొట్టు కాస్తా కూరల కొట్టవుతుంది. స్టెమోన్ అంజూరం ఆకు వాసన, నాకిష్టం, మన అత్తర్లకి అంతగా పొసగదు.

ట్రాన్స్-2-హెక్సెనాల్ అనే ఆల్డిహైడ్, మిథైల్ హెప్టైన్ కార్బొనేట్, ఫినైల్ అసిటాల్డిహైడ్, ఇవన్నీ పచ్చి వాసనలే కానీ చర్మానికి అలర్జీ తెస్తాయని అంతర్జాతీయ సుగంధ పరిశ్రమ సంఘం ఇఫ్రా వీటికి పరిమితులు పెట్టింది. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి ఆర్డర్ పెట్టేటప్పుడు చూసుకోండి. "హెక్సెనాల్" అని మాత్రమే రాసిన లేబుల్ కొనొద్దు, సిస్-3 అనీ ఆల్కహాల్ అనీ ఉండాలి. దాని గుర్తింపు సంఖ్య, సీఏఎస్ నంబరు, 928-96-1. అమ్మేవాళ్లని విశ్లేషణ పత్రం అడగండి, మంచి సరుకు 98 శాతం శుద్ధి ఉంటుంది. ట్రాన్స్ రూపం ఎక్కువ కలిసిన సరుకు చమురు చమురుగా, చామంతి కాడ నలిపినట్టు వస్తుంది. మీ సీసాలో శుభ్రమైన గడ్డి వాసనే ఉందన్నారు కాబట్టి నకిలీ కాకపోవచ్చని ముందే అన్నాను.

అగరబత్తుల్లో వేయకండి. మీరు అడగలేదు కానీ పర్లాకిమిడిలో అత్తరు చేసేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు బత్తుల వైపు చూస్తారు. కాంపౌండ్‌లో ముంచి ఆరబెట్టేటప్పుడే ఇది సగానికి పైగా పోతుంది, మిగిలింది కవర్లో పోతుంది. వెలిగించాక ఏమీ ఉండదు. కవరు తెరిచినప్పుడు బాగుండాలని కొందరు వేయిస్తారు, నేను వద్దనే చెబుతాను.

అలాగే ఆ సీసా వంటింట్లోకి పోనివ్వకండి. మొగలి నీళ్లు బిర్యానీలో, రసగుల్లాలో వేసే అలవాటు మన వైపు ఉంది కాబట్టి ఈ మాట రాస్తున్నాను. లీఫ్ ఆల్కహాల్ ఆహార ఫ్లేవర్లలో కూడా వాడతారు, నిజమే, కానీ దానికి ఫుడ్ గ్రేడ్ వేరే, లైసెన్సులు వేరే. పెర్ఫ్యూమ్ కోసం కొన్నది పెర్ఫ్యూమ్‌కే.

దాచడం గురించి: ఇది మండే ద్రవం, పొయ్యికీ దీపానికీ దూరంగా ఉంచాలి. గోధుమరంగు గాజు సీసాలో, నిండుగా, మూత బిగించి, ఎండ తగలని చోట పెట్టండి. ప్లాస్టిక్ డ్రాపర్ సీసాల్లో పోస్తే అల్మారా అంతా గడ్డి వాసన కొడుతుంది. పని చేసేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి, కంట్లో పడితే బాగా మండుతుంది.

ఇప్పటికే 5 శాతం వేసిన బ్యాచ్ పారబోయకండి. అందులో 1 గ్రాము తీసుకుని, లీఫ్ ఆల్కహాల్ వేయని అదే కాంపౌండ్ 24 గ్రాముల్లో కలిపితే 0.2 శాతానికి దిగుతుంది. అదే మీ 0.2 శాతం సీసా అనుకోండి. మల్లె కాంపౌండ్ మీరే కలుపుతున్నారా, తయారుగా కొంటున్నారా? కొంటున్నట్టయితే అందులో మిథైల్ ఆంత్రనిలేట్ ఉందో లేదో అమ్మినవాళ్లని కనుక్కుని, బేస్ నూనె ఏమిటో కూడా ఇక్కడ రాయండి, ట్రిప్లాల్ వేయొచ్చో లేదో అప్పుడు చెబుతాను.